ఊపిరాడని రంపం

లంబాలైన్, పోర్ట్ బ్లెయిర్

అక్కకు,

తమ్ముడు సింహాచలం దండాలు పెట్టి రాస్తున్నాను. తిండికీ ఒంటికీ లోటు లేకుండా ఉన్నాను, బెంగపడకు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ చుట్ట మానేశాడా, మానేశానని చెప్పి దొడ్లో కాలుస్తున్నాడా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. ఫోన్‌లో నువ్వు నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు. ఈ సంగతి మొత్తం చెప్పి తీరాలి.

ముందు ఒక తప్పు ఒప్పుకుంటాను. ఇక్కడ మెకానిక్‌గా చేరానని నీతో అన్నాను. అబద్ధం. చెట్లు కొట్టే కాంట్రాక్టరు అప్పలరాజు దగ్గర నాలుగు నెలలుగా తాడు లాగుతున్నాను. కోసిన కొమ్మ ఎవరి ఇంటి మీదా పడకుండా పక్కకు లాగడం నా పని. ఉద్దానంలో ఆయిల్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాక కొట్టు మూసుకుని వచ్చానని నీకు తెలుసు. మెకానిక్‌నని వచ్చిన రోజే అప్పలరాజుకు చెప్పాను. అతను ఇక్కడే పుట్టిన మనవాళ్ల కుర్రాడు, మాటలో సగం హిందీ. "అంకుల్, మీ పంపుసెట్ అలగ్, ఈ రంపం వేరే" అని నవ్వి, తాడు చేతికిచ్చాడు. యాభై దాటినవాడిని, ఆ రోజు గదికొచ్చి ఏడ్చాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

ఇక్కడి వానల గురించి ఏం చెప్పను! పొద్దున ఆరేసిన లుంగీ మూడో రోజుకి కూడా తడిగానే ఉంటుంది. చేపలకు కొదవ లేదు గానీ, ఆవపెట్టిన పనసపొట్టు కూర కోసం నాలుక పీకుతోంది. మా గది మీదుగా విమానాలు ఎంత కిందుగా వెళతాయంటే గిన్నెలు కదులుతాయి.

పోయిన వారం ఈదురుగాలికి మిన్నీ బేలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు రోడ్డుకు అడ్డంగా పడింది. సాయంత్రానికల్లా దారి తెరుస్తానని అప్పలరాజు రోడ్ల ఆఫీసు వాళ్లకు మాటిచ్చాడు. మా రెండు పెట్రోలు రంపాల్లో ఒకటి వేరే పనికి పోయింది. ఉన్నదేమో పట్టుమని ఐదు నిమిషాలు కోయదు, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ అందుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. రంపం పట్టేది మండల్ దాదా. బెంగాలీ ఆయన, చేయి తిరిగిన మనిషి. ప్లగ్గు మార్చాడు, గాలి ఫిల్టరు దులిపాడు, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాడు. ఊహూఁ. కొత్త కార్బురేటర్ కోసం అబర్డీన్ బజార్‌కు మనిషిని పంపితే, షిప్ వస్తేనే సామాను అన్నారట.

ఇక ఉండబట్టలేక, నేను చూస్తానన్నాను.

"సచ్ మే, నిజంగా తెలుసా అంకుల్, లేకపోతే టైంపాసా?" అన్నాడు అప్పలరాజు.

"జీడితోటల్లో మందు కొట్టే పెట్రోలు మిషన్లు ఎన్ని విప్పానో నాకే లెక్క లేదు బాబూ."

"ఠీక్ హై, విప్పండి. పాడైందనుకోండి, ఇంక తాడు కూడా ముట్టుకోవద్దు. నెక్స్ట్ షిప్ ఎక్కేయండి."

అందరూ చుట్టూ మూగారు. రంపం చల్లారనిచ్చి, ట్యాంకులోంచి పెట్రోలు గొట్టం తీగతో పైకి లాగి చూశాను. చిట్లలేదు. దాని చివర ఫిల్టరు శుభ్రంగానే ఉంది. మళ్లీ అమర్చి, ఆయిల్ కలిపిన పెట్రోలు కొత్తగా పోసి స్టార్టు చేశాను. మూడు నిమిషాలు ఆడి ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వెంటనే ట్యాంకు మూత కాస్త వదులు చేశాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. అంతే, జబ్బు దొరికింది!

ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రాకపోతే కార్బురేటర్ ఎంత పీల్చినా పెట్రోలు కదలదు. గాలి వచ్చే సన్న రంధ్రం పిడి కింద ఉంటుంది. వెతికితే, దాని మీద నీళ్ల పైపులకు పెట్టే జిగురు ముద్ద గట్టిపడి ఉంది. వాన నీరు పెట్రోల్లో పడకుండా ఎవరో పెట్టారు. ఎవరో నాకు తెలుసు. ఆ రంపం మండల్ దాదా తప్ప ఎవరూ ముట్టుకోరు. ఆయన ముఖం చూశాను, పాలిపోయింది. తాడు లాగిన నాలుగు నెలల్లో నన్ను ఒక్క మాట అనని మనిషి ఆయన. కత్తి మొనతో ఆ ముద్దను పెచ్చుగా లేపేశాను, లోపలి చిన్న వాల్వుకు తగలకుండా. మూత బిగించి స్టార్టు తాడు గుంజాను. రంపం ఇక ఆగలేదు. మొద్దు మొత్తం కోసేదాకా మేమే ఆపలేదు.

"మూసింది ఎవడు?" అని అప్పలరాజు అరిచాడు.

"వానకి మూసుకుపోయింది లెండి" అన్నాను.

అప్పుడు మండల్ దాదా తనే ముందుకొచ్చాడు. "నై, మైనే కియా థా. లోపలికి పానీ పోతుందని నేనే పెట్టాను. ఇక నుంచి నా మిషన్ ఈ మిస్త్రీ భాయే విప్పుతాడు. నేను ముట్టుకోను" అన్నాడు, అందరి ముందూ. దారి తెరిచాక అప్పలరాజు రెండో రంపం కూడా తెచ్చి నా ముందు పెట్టాడు. "అంకుల్, దీన్నీ చూడండి" అన్నాడు, ఈసారి నవ్వకుండా. గర్వంగా ఉందక్కా. దాచుకోను.

పెద్దమ్మకూ మామయ్యకూ నా దండాలు చెప్పు. పిల్లల్ని ముద్దాడానని చెప్పు. నువ్వూ బావా చల్లగా దీవించండి.

ఇంకో మాట. బయల్దేరే ముందు నా పనిముట్ల పెట్టె పాత ఇనుప సామాన్లవాడికి వేసెయ్యమని చెప్పాను. నువ్వు వెయ్యలేదట, వానాకాలంలో నూనె కూడా రాస్తున్నావట. మొన్న ఫోన్‌లో బావ నోరు జారాడు. నా మీద నాకే నమ్మకం పోయినప్పుడు నీకు ఆ నమ్మకం ఎలా ఉందే అక్కా? ఆ పెట్టె పంపించు. నాకు పని ఉంది.

నీ తమ్ముడు
సింహాచలం