ముక్కు కింద అద్దం

గురువారం, రాత్రి

అంగిలి ఆపరేషన్ అయినా నా కూతురు గ్రేసీ మాట ముక్కులోంచే వస్తోందని మూడు నెలలుగా థెరపీకి తిప్పుతున్నాను. మూడు వారాల కిందట థెరపిస్టు ఇంట్లో చేయించమన్నది తేలికే. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ‘పాప’, ‘బాబు’ లాంటి మాటలు పలికించాలి. అద్దం మసకబారితే గాలి ముక్కులోకి పోతున్నట్టు.

కాగితం మీద రాసిచ్చిన ఆ నాలుగు మాటలు నా కంటికి ఆనలేదు. ఇరవయ్యేళ్లుగా ఒకటో తరగతికి పాఠాలు చెప్తున్నదాన్ని, ‘అమ్మ’తో కాకుండా ఎలా మొదలుపెడతాను? రోజూ పొద్దున్నే ‘అమ్మ’ అనిపించాను. అద్దం మసకబారిన ప్రతిసారీ అరచేతి మీద స్కేలుతో ఒకటి వేశాను. మూడు వారాల్లో ఒక్కసారి కూడా అద్దం తేటగా ఉండలేదు. మొండిఘటం అనుకున్నాను. దాని మొహం మీదే అన్నాను కూడా.

ఇవాళ థెరపిస్టుకి ఫిర్యాదు చేశాను. ఆ అమ్మాయి అద్దం తెచ్చి నా ముక్కు కింద పెట్టి, నన్ను ‘అమ్మ’ అనమంది. అన్నాను. మసకబారింది.

“మ సౌండ్ ఎవరికైనా ముక్కులకెళ్లే వస్తది మేడమ్. నేను రాసిచ్చిన దాంట్ల అమ్మ ఏడుంది?” అంది.

గ్రేసీ అద్దాన్నే చూస్తూ నిలబడింది.

సీతాఫల్‌మండిలో బస్సు దిగాం. నేను సారీ చెప్పలేదు. పిల్లలకి సారీ చెప్పే అలవాటు నాకు లేదు. ఇంటికి రాగానే అద్దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను, తప్పంతా దానిదే అయినట్టు.

కాసేపటికి గ్రేసీ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని ‘అమ్మా’ అని పిలిచింది. రెండో చెయ్యి వీపు వెనక దాచుకుంది.