దాదీ చెప్పిన బరువు

మంగళవారం, అల్వాల్

ఇవాళ వార్డులో అయాన్ వాళ్ల దాదీ మీద మొదట కోపమొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తోంది.

రెండేళ్ల మనవడికి జ్వరమని తెచ్చింది. నిన్నటి నుంచి సిరప్ పోస్తున్నా తగ్గలేదట. పిల్లల మందు బరువును బట్టే లెక్కగట్టాలి కదా, "బరువెంత?" అని అడిగాను. "తొమ్మిది కిలోలు" అంది తడుముకోకుండా. వాడి బుగ్గలు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. మిషన్ మీద నిలబెడితే పన్నెండు! మెడికల్ షాపులోనూ తొమ్మిదే చెప్పిందట. డోసు చాలకే జ్వరం దిగలేదన్నమాట.

"తక్కువెందుకు చెప్పిన్రు దాదీ?"

"ఉన్నదున్నట్టు చెప్తే నజర్ తగుల్తది బిడ్డా, దిష్టి."

ఇలా నోటిమాట నమ్మి ఎంతమందికి మందు పోసేశామో... రేపటి నుంచి మిషన్ ఎక్కనిదే చుక్క వేయను.

పిల్లల డోసుని ఇద్దరు నర్సులం పైకి చెప్పుకుని సరిచూసుకోవాలి. సునీత "పన్నెండు..." అనగానే దాదీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి ఒకరి చెవిలో ఒకరం గుసగుసగా లెక్క చెప్పుకున్నాం. సాయంత్రానికి జ్వరం దిగి, వాడు బిస్కెట్ అడిగాడు. దాదీ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

ఇంటికొచ్చేసరికి కింది వాటా ఆంటీ మా చిన్నిని ఎత్తుకుని ఉంది. దాని చేతిలో రెండో అరటిపండు.

"నీ బిడ్డ మంచిగ బొద్దుగైంది" అంది ఆంటీ.

"యాడ ఆంటీ, అస్సలు తింటలేదు" అన్నాను, తడుముకోకుండా.