దొర మీసం కనబడని మోటారు

కాటమయ్యా, దొర మోటారును పాడుచేసింది నువ్వే. బూడిద పెట్టి ఇత్తడి బిందెను తోమినట్టు తోమావు, రేకంతా సుడిగీతలు పడ్డాయి. అవి పోగొడతానని నిన్న మిట్టమధ్యాహ్నం ఎండలో పాలిష్ రుద్దావు. అది కాలే రేకు మీదే ఎండిపోయి మసక కమ్మింది. పొద్దున దొర ఎప్పటిలాగే మోటారు తలుపులో మీసం చూసుకోబోయి "నా మీసం ఏదిరా?" అంటే, "మబ్బు వట్టింది దొరా, ఎండొస్తే కనబడ్తది" అన్నావు. రేపు ఆయన పెళ్లికి బయలుదేరేలోగా ఆ మీసం కనబడకపోతే మన ఇద్దరి కొలువూ పోతుంది.

నేను పెట్రోలు కోసం నల్లగొండ పోతున్నాను. బండిని కొట్టంలోకి తోసి, రేకు చల్లబడ్డాకే ముట్టుకో. దుమ్ము కడుగు. సన్నరకం పాలిష్ చిటికెడు తీసుకుని, జానెడు జాగాలోనే మెల్లగా రుద్ది, ఎండకముందే తుడిచెయ్యి. నీ బలం బండి మీద చూపకు. గోనెగుడ్డ వాడకు. నా పెట్టెలో మీ అక్క పాత చీర ఉంది, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. అది చింపుకో. నువ్వేం చెడగొట్టినా బతికినన్నాళ్లూ నిన్నే వెనకేసుకొచ్చింది, ఇప్పుడూ అదే చేస్తుంది.

సోమన్న

కొంగు మాత్రం చింపకు, అది నాకు కావాలి. ఎందుకని అడగకు. ఈ సంగతి ఇక ఎన్నడూ నా నోట రాదు.