పెరుగన్నం అయ్యేదాకా చావకూడదు

జూన్ 1, ఆదివారం

నిన్న రిసార్టులో మొదటి ఆట. మట్టి కొట్టుకుపోయింది. భాస్కర్ మొహం చూడాలి... చూశాను, తనివితీరా చూశాను.

బెంగళూరులో ఏదో హోటల్లో ఇలాంటి ఆట చూసి వచ్చాడట. భోజనాల మధ్యలో హత్య జరుగుతుంది. తింటున్న వాళ్లే అందర్నీ ప్రశ్నలు వేసి, నవ్వుతూ నవ్వుతూ హంతకుణ్ని పట్టుకోవాలి. చచ్చే జమీందారు పెంచలయ్య మామ. ఆయన భార్య నేను. అనుమానించడానికి ఒక డాక్టరు, ఒక మేనల్లుడు, ఒక వంటవాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం తనే. రాసింది తనే, ఆడించేది తనే. పరిషత్తు నాటకాల రోజుల్లోనూ ఇంతే — మంచి వేషం ఏదున్నా అది భాస్కర్ కొలతలకే కుట్టి ఉంటుంది.

చేపల పులుసు వడ్డించారు. రెండో ముద్ద దగ్గర పెంచలయ్య మామ గుండె పట్టుకుని పడ్డాడు. బాగా పడ్డాడు. కొడవలూరులో సేద్యం చేసుకునే మనిషి అంటే ఎవరూ నమ్మరు. లైట్లు ఎర్రబడ్డాయి. భాస్కర్ విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "ఇక్కడొక శవం ఉంది. ఎవరూ కదలకండి."

కంచాల్లోంచి చేతులన్నీ ఒక్కసారి వెనక్కి వచ్చేశాయి.

మూడో బల్ల దగ్గర ఒక పెద్దావిడ, రొయ్యల గుంటల ఆసామి తల్లి, కంచం ముందుకు తోసేసింది. "పీనుగును ఎదురుగా పెట్టుకోని పులుసు తినేది ఏందయ్యా. మా ఊర్లో పొయ్యి గూడా వెలిగించరు."

నాటకం పెద్దమ్మా, అని భాస్కర్.

"నాటకమైతే మాత్రం. శవం ఎత్తండి, తింటాం."

ఆమె లేచింది. కోడళ్లు లేచారు. ఆ బల్ల చూసి పక్క బల్ల. ఒకాయన స్నానానికి నీళ్లు ఎక్కడని అడిగాడు, నిజంగానే అడిగాడు. భాస్కర్ కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ తిరిగాడు. అంత పులుసూ పారబోశారు. నాకు ఆ పులుసు మీద ఉన్న జాలి అతని మీద కలగలేదు.

రిసార్టు మేనేజరు శ్రీధర్ గారు పోతూ పోతూ — "వచ్చే వారం గూడా ఇట్టే అయితే ఆర్కెస్ట్రా పెట్టుకుంటాం."

జూన్ 3

భాస్కర్ ఫోన్. శవం మీద దుప్పటి కప్పి తెర చాటున పెడతాడట. తెర చాటున ఉంటే శవం కాకుండా పోతుందా... అనలేదు. అతని తలనొప్పి అతనిది.

జూన్ 8, ఆదివారం

కాఫీ కూడా పెట్టకుండా రాస్తున్నాను, సంతోషంతో.

నిన్న మళ్లీ అదే. మామ పడ్డాడు, దుప్పటి కప్పారు, తెర లాగారు. తెర వెనక ఉన్నది ఏమిటో అందరికీ తెలుసు కదా. కావలి నుంచి వచ్చిన కుటుంబం మొత్తం కుర్చీలు వెనక్కి జరిపేసింది. ఆర్కెస్ట్రా వచ్చినట్టే అనుకున్నాను.

ఏం తోచిందో. పరిగెత్తి తెర పీకేసి మామ మీద పడ్డాను. "కూర్చోండి సామీ, కూర్చోండి. ఇంకా పోలేదు. కొన ఊపిరి ఉండాది." అంటూ నడుము దగ్గర గట్టిగా గిల్లాను. మామ ఒక కన్ను తెరిచి హాలంతా చూసి, నీరసంగా — "రసం వడ్డించినారా?"

హాలు గొల్లుమంది. కావలి ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బతికుండాడా. అయితే అన్నం తీసుకురాండి."

ఇక ఆగలేదు నేను. బల్లకొకరు రండి, ఆఖరి గుక్క పోసి పొండి అన్నాను. స్పూను, గ్లాసు. ఒక్కొక్కరూ వచ్చి మామ నోట్లో నీళ్లు పోస్తున్నారు. పోసినవాళ్ల చెవిలో మామ ఒక్కో మాట చెబుతున్నాడు. డాక్టరు ఇచ్చిన మాత్ర చేదుగా ఉందని ఒకరికి. మేనల్లుడి చేతికి పసుపు ఉందని ఒకరికి. వాళ్లు పోయి తమ బల్లకు చెప్పుకుంటున్నారు, పక్క బల్లతో బేరాలాడుతున్నారు. పులుసు అయింది, రసం అయింది, కాజా కూడా అయింది. పెరుగన్నం తిని అందరూ చేతులు కడుక్కున్నాక — అప్పుడు పోయాడు మామ. కడిగిన చేతులతో విచారణ. ఒక్కరు కూడా లేచి పోలేదు.

వ్యాన్‌లో వస్తుంటే భాస్కర్ అడిగాడు, ఆ నీళ్లు పోయడం ఎలా తట్టిందని. మంచిగా అడిగాడు. చెప్పాను. అమ్మ పోయేటప్పుడు మేమంతా వరసగా తులసి నీళ్లు పోశాం. నా వంతు వచ్చింది. వంగాను. "మేకను కట్టేసినావా" అంది అమ్మ. అంతే. మళ్లీ మాట్లాడలేదు. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాం, నేనూ అన్నయ్యా. వ్యాన్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 11

కూర్చుని రాశాను. ఏ బల్లకు ఏ మాట, ఏ వరసలో. మామకు నోటికి వచ్చేదాకా చెప్పించాను. "ఇన్ని మాటలు చెప్పేవాడు యాడ చస్తాడుమే" అంటాడు.

జూన్ 15, ఆదివారం

నిన్న ఒక్క కుర్చీ ఖాళీ లేదు. బయట సరుగుడు చెట్ల కింద కూడా బల్లలు వేశారు. ఒక ముసలాయన నీళ్లు పోస్తూ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు, తర్వాత తనే సిగ్గుపడి నవ్వాడు.

గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సు. 'కొన ఊపిరి విందు.' రచన, దర్శకత్వం — భాస్కర్.

పేరు నేను అన్న మాట. సరే. రచన దగ్గర నా పేరు కూడా వేయండి భాస్కర్ గారూ అన్నాను. దర్శకత్వం మీదే, దాని జోలికి రాలేదు. "చూద్దాం వసంతా, ఫ్లెక్సు అయిపోయింది గదా." ఫ్లెక్సు చిరగదా, వాన పడదా, ఇంకోటి వేయించరా.

జూన్ 16

ఇంట్లో ఈయనకు చెప్పాను. "పేరేం చేసుకుంటావు. మంచి భోజనం పెడతండారు గదా" అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా. రాత్రికి ఉప్మా.

జూన్ 20

యూట్యూబ్ వాళ్లు వచ్చి భాస్కర్ మాటలు తీసుకున్నారట. పక్కింటి సునీత చూపించింది, మీ నాటకమే వదినా అని.

సముద్రం వెనకాల కనపడుతోంది. ఇన్‌స్పెక్టరు టోపీ చంకలో. గొంతు తగ్గించి చెబుతున్నాడు... "మా నాయనమ్మ పోయేటప్పుడు అందరం తులసి తీర్థం పోశాం. నేను వంగాను. మేకను కట్టేశావా అంది. అదే ఆఖరి మాట. ఆ రోజే ఈ నాటకం నా మనసులో పుట్టింది."

కళ్లలో నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

మూడుసార్లు చూశాను. వీడి నాయనమ్మ పోయినప్పుడు వీడు నాటకం పోటీల్లో ఉన్నాడు, నేనూ అదే స్టేజీ మీద ఉన్నాను. కబురు వచ్చినా వేషం తీయలేదు. వాళ్ల ఇంట్లో మేక ఎక్కడిది, కోవూరులో మేడ మీద ఇల్లు.

రచన పోతే పోయింది. మా అమ్మ మంచం పక్కన కూర్చోడానికి వీడెవడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సొమ్ము కాదే ఇది.

జూన్ 21, శనివారం, పొద్దున

ఫోన్ చేశాను. నెమ్మదిగానే మొదలుపెట్టాను.

"నాటకంలో ఎవరి నాయనమ్మ అయితే ఏంది వసంతా. జనానికి కథ గావాల."

అది కథ కాదు, మా అమ్మ.

"నువ్వు మరీ మనసుకు తీసుకుంటండావు." తర్వాత, ఏదో మేలు చేస్తున్నట్టు — వైజాగ్‌లో ఒక పెద్ద రిసార్టు వాళ్లు ఆ వీడియో చూసి పిలిచారట. అక్కడ పెట్టించడానికి రచయితగా తను వెళ్తాడట. మాకు కూడా వేషాలు ఉంటాయట.

ఉంటాయట. మా అమ్మ చావులో నాకొక వేషం.

జూన్ 22, ఆదివారం

నిన్న ఇన్‌స్పెక్టరు సాక్ష్యంగా రుచి చూసే మజ్జిగ గ్లాసులో గుప్పెడు ఉప్పు వేశాను. గుటకలు వేసి మొత్తం తాగాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. దరిద్రుడు, నటుడే.

జూన్ 24

పెంచలయ్య మామ విత్తనాలకు నెల్లూరు వచ్చి, ఇటు వచ్చాడు. కాఫీ ఇచ్చాను. ఆ వీడియో చూశాడట. వ్యాన్‌లో నేను చెప్పింది తన చెవులతో విన్నాడు కదా, శ్రీధర్ గారితో ఒక్క మాట చెప్పమన్నాను.

కాఫీ తాగి కప్పు కింద పెట్టాడు. "నిజమే మే. మీ అమ్మ మాటే. కానీ ఈ వయసులో నాకు చప్పట్లు గొట్టేవాళ్లు యాడ దొరుకుతారు. నేను నోరు తెరిస్తే వాడు ఇంకొకణ్ని పడుకోబెడతాడు ఆడ."

కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా రెండో కప్పు పోశాను.

జూన్ 29, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలి, లేకపోతే రేపటికి వాడు చెప్పిందే నిజమవుతుంది.

పెరుగన్నం అయింది. మామ పోయాడు. డాక్టరు విచారణ, మేనల్లుడి విచారణ అయ్యాయి. ఆఖరున నేను. వాడు లాఠీ చంకలో పెట్టుకుని నా చుట్టూ తిరిగి — "చెప్పమ్మా, నీ మొగుడు ఆఖరున నీ చెవిలో ఏమన్నాడు?" నేను 'బీరువా తాళం' అనాలి. జనం నవ్వాలి.

అనలేదు. వాడి మొహంలోకి చూశాను. ఆ టోపీ, ఆ మీసం.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈ హత్య సంగతి నాకు తెలవదు. దొంగతనం సంగతి తెలుసు. మీరు మా అమ్మను దొంగిలించినారు" అన్నాను.

వాడి లాఠీ ఆగింది. బాగుంది, భయపడ్డాడు అనుకున్నాను. మొత్తం చెప్పేశాను. మంచం, తులసి నీళ్లు, నా వంతు, వంగడం. మా అమ్మ మేకను కట్టేసినావా అని అడిగింది నన్ను, ఈ ఇన్‌స్పెక్టరును కాదు. ఈయన ఆ మాట ఎత్తుకుపోయి వాళ్ల నాయనమ్మ నోట్లో పెట్టినాడు. నిజంగా ఏడ్చాను, వేలు పెట్టి చూపిస్తూ ఏడ్చాను.

నవ్వు. ఒక మూల మొదలై హాలంతా. బల్లలు చరుస్తున్నారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. నేను నిజం అన్నకొద్దీ నవ్వుతున్నారు. నిజమండీ, ఒట్టు అన్నాను... దానికి ఇంకా. వెనక బల్ల నుంచి ఒకాయన లేచి, "ఇంతకీ మేకను కట్టేసినావా అమ్మా?"

కిందికి చూశాను. మామ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. చచ్చినవాడు నవ్వలేదు, అంతమందిలో ఆయన ఒక్కడే.

వాడు రెండు క్షణాలు తడబడ్డాడు. రెండే. తర్వాత టోపీ తీసి గుండెకు పెట్టుకుని, జనం కేసి తిరిగి — "హంతకుడు ఎవరు? చేతులెత్తండి." డాక్టరుకు ఎవరూ ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరుకు హాలు హాలంతా ఎత్తింది. వాడు తన బేడీలు తన చేతికే వేసుకుని, వంగి దండం పెట్టాడు. లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. మొదటి ఆట నుంచి ఇన్ని చప్పట్లు లేవు.

వంటింటి వెనక వాడి కోసం కాచుకున్నాను. అరుస్తాడు, పొమ్మంటాడు, అప్పుడు శ్రీధర్ గారి ముందు అన్నీ అడుగుదాం అని. బేడీలు ఊపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అదిరిపోయింది వసంతా. వచ్చే వారం నుంచి ఇదే ముగింపు. మేక మాట మాత్రం ఇంకొంచెం ఆగి చెప్పు, నవ్వు అణగనియ్యి."

జూన్ 30

అన్నం సహించలేదు.

జూలై 2

శ్రీధర్ గారికి ఫోన్ చేశాను. చెప్పింది నాటకం కాదండీ, జరిగిందే అన్నాను. ఆయన నవ్వి, "మీరు ఇంకా వేషంలోనే ఉండారక్కా" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి నవ్వలేదు. శనివారం వైజాగ్ వాళ్లు వస్తున్నారు, ఆ ముగింపు కోసమే వస్తున్నారు, వాళ్లు పోయాక మాట్లాడదాం అన్నాడు.

కొత్త ఫ్లెక్సు వేశారట. సునీత కొడుకు ఫొటో తీసుకొచ్చాడు. వేలెత్తి ఏడుస్తున్న నేను, పక్కన టోపీతో వాడు. నా పేరు వేశారు. నటన కింద.

జూలై 4

పెంచలయ్య మామ ఫోన్. వాళ్లకు నచ్చితే అందరికీ వైజాగ్‌లో పని, నచ్చకపోతే ఇక్కడ కూడా ఈ వారంతో సరి అని భాస్కర్ అన్నాడట. "నీ ఇష్టమే. నేనేమీ అనను" అన్నాడు. అనకుండానే పావుగంట మాట్లాడాడు.

'బీరువా తాళం' అంటే సరిపోతుంది. ఆట చప్పగా పోతుంది, వాడి మొహం మళ్లీ మొదటి రోజులా అవుతుంది. దానితోపాటు మామ, మిగతా అందరూ ఇంటికి. అమ్మ మాట చెబితే ఆట ఎక్కడికో పోతుంది, రచన భాస్కర్. మింగలేను, కక్కలేను.

ఒక సంగతి రాయకుండా దాచాను. పోయిన శనివారం అంతమంది నవ్వుతుంటే, ఆ ఏడుపు మధ్యలోనే, తర్వాతి మాటకు ఎక్కడ ఆగాలో నాకు తెలిసిపోయింది. ఆగాను కూడా. దానికి వాణ్ని ఏమీ అనలేను. అందుకే ఇంకా మండుతోంది.

జూలై 5, శనివారం

పట్టు చీర ఇస్త్రీ అయింది. ఈయన పేపరు పక్కన పెట్టి, "నేను గూడా వచ్చేదా?" అన్నాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి. వద్దన్నాను. వస్తే నవ్వుతాడేమో.

వైజాగ్ వాళ్లు మొదటి బల్ల దగ్గరట. భాస్కర్ మెసేజ్ పెట్టాడు — మేక దగ్గర ఆగడం మర్చిపోకు.

వ్యాన్ హారన్ కొడుతున్నాడు. ఇంకా తేల్చుకోలేదు. వెళ్తున్నాను.