పన్నెండు అడుగుల చీటీ

గురువారం, రాత్రి

కోపం ఇంకా చల్లారలేదు. ఏటి మధ్య లంకలో గ్రావెల్ నమూనా కోసం ఈరోజు గొయ్యి తవ్వించాం. ఏడు అడుగులకే నీరు ఊరడంతో ఆపేశాం. అయినా సర్వే సారు సంచికి కట్టే చీటీ నా చేతికిచ్చి, "లోతు పన్నెండని రాయమ్మా, నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది" అన్నారు. ఆ మెప్పుకి పొంగిపోయి రాసేశాను, బుద్ధిలేక!

గొయ్యి తవ్విన సత్తిబాబుగారు అది చూసి, "ఆ మిగతా అయిదడుగులూ ఎవరు తవ్వేరండీ?" అని నవ్వారు. తర్వాత గట్టు మీది తన కొబ్బరిచెట్ల వంక చూశారు. ఈ చీటీని బట్టి పన్నెండు అడుగుల దాకా తవ్వుకోమని క్వారీకి అనుమతి వస్తే ఆ గట్టు నిలవదు.

అబద్ధం సారుదే. అక్షరాలు మాత్రం నావి. పొద్దున్నే సంచులు పడవెక్కి ల్యాబుకి వెళ్ళిపోతాయి. అంతకుముందే రేవులో ఉండాలి. కొత్త చీటీ మీద "ఏడు" అని రాసి పెట్టుకున్నాను.