దేవుని గూట్లో కవరు

తమ్ముడు కృష్ణప్పకు అక్క దీవెనలు.

నీ రక్తపరీక్ష కవరుకు పసుపు రాసి, మూడు వారాలుగా విప్పకుండా దేవుని గూట్లో పెట్టినావు. మొన్న మూకండపల్లిలో మీ ఇంటికి వచ్చి అడిగితే, "ఆషాఢం పోనీక్కా, మంచిరోజు చూసి విప్పుతా" అంటివి. నలభై ఏండ్లుగా దీపం పెడుతున్నదాన్ని, నాకే మంచిరోజు చెప్తావేమప్పా?

నువ్వు డ్యూటీకి పోయినాక, దండం పెట్టి నేనే విప్పినాను. మీ వీధి డాక్టరమ్మకు చూపించినాను. కొవ్వు మామూలేనంట. లైపోప్రొటీన్-ఎ అనేదొకటి మాత్రం ఉండాల్సినదానికి మూడింతలుందంట. అది పుట్టుకతో వచ్చేదంట, గుండెకు పోయే రక్తనాళాలు దానివల్ల లోపల్లోపలే గట్టిపడతాయంట. నాయన యాభై రెండేండ్లకే చేన్లో కూలిపోతే గ్యాసనుకొంటిమి. నీకిప్పుడు యాభై ఒకటి.

కవరు నా దగ్గరే ఉంది, గూట్లో వెతకొద్దు.

తోడబుట్టినదాన్ని కాబట్టి నన్నూ చూపించుకోమనింది డాక్టరమ్మ. ఈ పొద్దు కృష్ణగిరిలో రక్తమిచ్చినాను. శుక్రవారం కవరిస్తారు. ఆషాఢం పోలేదు, ఆ రోజు అమావాస్య కూడా. అయినా రా. పొద్దున తొమ్మిదికి కృష్ణగిరి బస్టాండులో ఉంటాను, ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదాం.

నీది విప్పినంత సులభంగా నాది విప్పలేను. నువ్వే విప్పాల.

మీ అక్క