ఏనుగు దూరని వాకిలి

ఆదివారం రాత్రి, ఎర్రగుంట్ల

మా ఆయన పోయాక కూతురు రేష్మను గండికోటకు తీసుకెళ్లడం ఇదే మొదటిసారి. చరిత్ర పాఠం పుస్తకంలో చదివితే దాని బుర్రకెక్కడం లేదు, కళ్లతో చూస్తేనన్నా గుర్తుంటుందని బయలుదేరాను. మసీదు దాకా బాగానే చెప్పాను. పక్కనున్న ధాన్యాగారం దగ్గర మాట తడబడింది. అక్కడ ఏనుగులు పడుకునేవనీ, పైకప్పుకున్న కంతలు వాటి ఊపిరి బయటికి పోవడానికేననీ మా ఆయన, అదే దాని అబ్బా, వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు. ఏం చెప్పాలా అనుకుంటుండగానే రేష్మ గడప మీద నిలబడి చేతులు బారచాపింది.

"అమ్మీ, ఈ వాకిట్లో ఏనుగు యాడ పడ్తుంది? అబ్బా మనల్ని ఏమార్చినాడు!"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

"అబ్బా ఉండింటే ఈపొద్దు దొరికిపోయేవాడు," అంది.

ఆయన చెప్పినవి ఇంకెన్ని ఇట్లా అబద్ధాలని తేలతాయో...

ఆ వాకిలి ఎప్పుడూ అంతే ఉంది. పిల్లకు కనిపించింది నాకెందుకు కనిపించలేదు? పెళ్లైన కొత్తలో ఆ కథ మొదట నాకే చెప్పాడు. అప్పుడు నేను వాకిలి వైపు చూడనే లేదు. ఆయన మొహమే చూస్తూ విన్నాను.